ఫ్రంటేజ్ రోడ్డుకి 80 శాతం గ్రాంట్ వస్తుంటే సిటీ ఎందుకు వెనకాడుతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్‌కి ఉత్తరాన, హైవేని ఆనుకుని ఉన్న చిన్న సిటీ మీది. హైవే పక్కనే వెళ్లే సర్వీస్ రోడ్డు (కాగితాల్లో ఫ్రంటేజ్ రోడ్డు) ఒక క్రాస్ రోడ్డు దగ్గర ఆగిపోయింది. దాన్ని మైలు పైచిలుకు పొడిగించి తర్వాతి క్రాస్ రోడ్డుకి కలపాలని సిటీ ఆలోచన. అంచనా 9 మిలియన్ డాలర్లు. ఫెడరల్ గ్రాంట్ వస్తే 7.2 మిలియన్లు అక్కణ్ణుంచి, 1.8 మిలియన్లు సిటీ నుంచి. "ఐదింట నాలుగొంతులు ఊరికే వస్తుంటే కౌన్సిల్ ఎందుకు వాయిదాలు వేస్తోంది? మేం వెళ్లి గట్టిగా అడగాలా?" అన్నారు.

వెళ్లండి, తప్పకుండా అడగండి. కాకపోతే "వెంటనే అప్లై చేయండి" అని కాదు, "ఖర్చు పెరిగితే ఎవరు కడతారు, ఆ డబ్బు ఎక్కడుంది" అని అడగండి. రోడ్డుకి కావలసిన భూమిలో ఎక్కువ భాగం ఇప్పటికే చేతికొచ్చి, సిటీ వాటాకి రెట్టింపు సొమ్ము విడిగా పెట్టగలిగితే గ్రాంట్ తీసుకోవాలి. ఆ రెండూ లేకుండా సంతకం పెడితే, నాలుగేళ్ల తర్వాత ఆ 1.8 మిలియన్ల అంకె ఎవరికీ గుర్తుండదు. మీ కౌన్సిల్ ఆలోచిస్తున్నది ఈ విషయమే అయితే, ఆ ఆలస్యం మంచిదే.

గ్రాంట్ అంకె మారదు, ఖర్చు మారుతుంది. అసలు కీలకం ఇక్కడే ఉంది. 80 శాతం అంటే అయ్యే ఖర్చులో 80 శాతం అని అందరూ అనుకుంటారు. ఒప్పందంలో ఉండేది 80 శాతం, గరిష్ఠంగా ఫలానా మొత్తం అని. టెక్సస్‌లో సిటీకి, రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్‌కి మధ్య జరిగే ఆ ఒప్పందాన్ని అడ్వాన్స్ ఫండింగ్ అగ్రిమెంట్ అంటారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో అంచనా దాటిన ఖర్చంతా లోకల్ గవర్నమెంట్ భరించాలనే క్లాజు సాధారణంగా అందులో ఉంటుంది. మీ అంకెలతోనే ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే, కానీ ఇలాంటి పద్దులు ప్రతి ప్రాజెక్టులోనూ కనిపిస్తాయి.

నిర్మాణానికి 9 మిలియన్ల అంచనా వేసింది రెండేళ్ల కిందట అనుకోండి. టెండర్లు తెరిచేసరికి 15 శాతం ఎక్కువ వచ్చాయి, అంటే 10.35 మిలియన్లు. పైన పడ్డ 1.35 మిలియన్లు మొత్తం సిటీదే. డిజైన్‌కి 0.8 మిలియన్లు అయ్యాయి, కానీ కన్సల్టెంట్‌తో ఒప్పందం ఫెడరల్ పద్ధతిలో జరగలేదు కాబట్టి అది గ్రాంట్‌లోకి రాదు. భూమికి 0.6. దారిలో ఉన్న సిటీ వాటర్ లైన్ జరపడానికి 0.5. టెక్స్‌డాట్ ప్లాన్లు చూసినందుకు, తనిఖీలు చేసినందుకు వసూలు చేసేది 0.15. వీటికి అసలు వాటా 1.8 కలిపితే సిటీ మీద పడేది 5.2 మిలియన్లు. మొత్తం ప్రాజెక్టు 12.4 మిలియన్లు. అంటే 20 శాతం అనుకున్న వాటా 42 శాతం దగ్గర తేలింది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. మొదటి రోజు కౌన్సిల్ ముందు పెట్టిన స్లైడులో నిర్మాణం ఖర్చు ఒక్కటే ఉంది, అంతే.

అందుకే మీటింగుకి వెళ్లేముందు అంచనా విడివిడిగా రాసిన కాగితం అడిగి తీసుకోండి. అందులో డిజైన్, భూమి, యుటిలిటీలు, నిర్మాణం, తనిఖీ, అనుకోని ఖర్చులు వేరువేరు వరుసల్లో ఉండాలి. డిజైన్ ఇంకా 30 శాతం కూడా కాని దశలో అనుకోని ఖర్చుల కింద 10 శాతమే చూపిస్తే నేనైతే ఆ అంచనాను నమ్మను, 25 నుంచి 30 శాతం ఉండాలంటాను. అంచనా ఏ ఏడాది ధరల్లో ఉందో, టెండర్ పిలిచే ఏడాదికి పెంచి రాశారో లేదో కూడా చూడండి.

డబ్బు ముందుగా రాదు. ఫెడరల్ రోడ్డు నిధులు రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో నడుస్తాయి. పని సిటీయే టెండర్ పిలిచి చేయిస్తే, కాంట్రాక్టర్‌కి నెలనెలా బిల్లు కట్టి, ఆ రసీదులు పంపి, తర్వాత తన వాటా పోగా మిగతాది రాబట్టుకోవాలి. నెలకి 0.8 మిలియన్ల బిల్లు వస్తూ, రాబడి రెండు నెలలు వెనకబడితే, ఎప్పుడూ 1.6 మిలియన్లు బయటే తిరుగుతుంటాయి. పెద్ద సిటీకి ఇది లెక్కలోది కాదు. జనరల్ ఫండ్ చిన్నదైన సిటీకి మాత్రం జీతాలకి దాచుకున్న నిల్వ మీద చెయ్యి పడుతుంది. పని టెక్స్‌డాటే చేయిస్తే ఈ తిప్పలు లేవు, కానీ సిటీ తన వాటాను టెండర్‌కి ముందే జమ చేయాలి. ఈ రెండింటిలో ఏ దారిలో వెళ్తున్నారో అడగండి. చిన్న సిటీకి నేను రెండోదే మేలంటాను. ఎందుకంటే ఫెడరల్ కాగితాల పని తెలిసిన మనిషి సిటీలో ఉండాలి. సిటీయే నడిపితే కనీసం ఒక ఉద్యోగి టెక్స్‌డాట్ లోకల్ గవర్నమెంట్ ప్రాజెక్టుల శిక్షణ పూర్తి చేసి ఉండాలనే నియమం కూడా ఉంది. ఆ ఉద్యోగి మధ్యలో మానేస్తే ఏమిటన్నది కూడా ఆలోచించాల్సిందే.

అనుమతికి ముందు పెట్టిన ఖర్చు తిరిగి రాదు. ఫెడరల్ ఆథరైజేషన్, అంటే పని మొదలుపెట్టొచ్చన్న ఫెడరల్ ఉత్తర్వు, రాకముందు చేసిన పనికి డబ్బు ఇవ్వరు. గ్రాంట్ వచ్చిందని పేపర్లో వార్త పడ్డ రోజుకీ, ఆథరైజేషన్ వచ్చే రోజుకీ మధ్య ఏడాది గడవచ్చు. ప్రాజెక్టు ముందు ప్రాంతీయ ప్రణాళికలోకి ఎక్కాలి. మీ ప్రాంతానికి ఆ పని చూసేది నార్త్ సెంట్రల్ టెక్సస్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్. వాళ్ల జాబితాలో మార్పులు మూడు నెలలకోసారి జరుగుతాయి. ఒక విడత తప్పితే ఇంకో మూడు నెలలు ఆగాలి. తర్వాత రాష్ట్ర జాబితా, ఆ తర్వాత ఒప్పందం, ఆపైన ఆథరైజేషన్. ఈ మధ్యలో ఉత్సాహంగా సర్వే మొదలుపెట్టిన సిటీ ఆ బిల్లు తనే కట్టుకుంటుంది.

కన్సల్టెంట్ ఎంపిక సంగతీ ఇలాంటిదే. ఫెడరల్ డబ్బుతో ఇంజనీరింగ్ సేవలు తీసుకోవాలంటే 1972 నాటి బ్రూక్స్ చట్టం పద్ధతి పాటించాలి. ముందు అర్హతలు చూసి ఎంచుకోవాలి, ధర గురించి మాట్లాడేది ఆ తర్వాతే. "ఎప్పుడూ మన పనులు చేసే కంపెనీయే కదా" అని పాత ఒప్పందానికి ఒక వర్క్ ఆర్డర్ తగిలిస్తే ఆ ఫీజు గ్రాంట్‌లోకి రాకపోవచ్చు.

భూమి విషయానికి వద్దాం. ఫెడరల్ డాలర్ ఒక్కటి ఏ దశలో కలిసినా, భూసేకరణ మొత్తం 1970 నాటి యూనిఫాం యాక్ట్ ప్రకారం జరగాలి. అప్రైజల్ (భూమి విలువ మదింపు) చేయించాలి, దాన్ని ఇంకొకరు పరిశీలించాలి, లిఖితపూర్వకంగా ఆఫర్ ఇవ్వాలి, యజమానికి ఆలోచించుకోవడానికి తగిన సమయం ఇవ్వాలి. కుదరకపోతే కోర్టు ద్వారా సేకరించాలి. పర్యావరణ అనుమతి రాకముందే సిటీ తొందరపడి భూమి కొంటే, రోడ్డు ఎటు వెళ్లాలో ముందే తేల్చేశారన్న ఆక్షేపణ వస్తుంది.

ఇక్కడ సిటీకి కలిసొచ్చేదీ ఒకటుంది. సర్వీస్ రోడ్డు వస్తే ఎక్కువ లాభపడేది దాని పక్క భూమి యజమానులే. వాళ్లు భూమి దానంగా ఇస్తే, నిబంధనలు పాటించినంత వరకు దాని విలువను సిటీ వాటా కింద లెక్క కట్టించుకోవచ్చు. కాకపోతే "మీకు పరిహారం తీసుకునే హక్కు ఉంది" అని యజమానికి ముందుగా చెప్పాలి, ఆ కాగితం ఫైల్లో ఉండాలి. అది లేకపోతే దానం లెక్కలోకి రాదు. ప్లాట్ అప్రూవల్ (స్థల విభజన ప్లానుకి సిటీ ఆమోదం) సమయంలో డెవలపర్ నుంచి భూమి తీసుకోవాలన్నా ఇష్టమొచ్చినంత అడగడానికి లేదు. అతని ప్రాజెక్టు రోడ్డు మీద వేసే భారానికి ఇంచుమించు సరిపడేంతే అడగాలని టెక్సస్ చట్టం, దాన్ని ఇంజనీర్ ధ్రువీకరించాలి.

యుటిలిటీల గురించి ఒక్క మాట. ఇంటర్‌స్టేట్ కాని హైవే రైట్ ఆఫ్ వేలో, అంటే హైవేకి కేటాయించిన స్థలంలో, ఉన్న కరెంటు, గ్యాస్, కేబుల్ లైన్లను మామూలుగా ఆ కంపెనీలే సొంత ఖర్చుతో జరుపుకోవాలి. అదే లైను ప్రైవేటు ఈజ్‌మెంట్‌లో (ఇంకొకరి భూమిలో లైను వేసుకునే హక్కున్న పట్టీలో) ఉంటే ఖర్చు ప్రాజెక్టుది. రోడ్డు వెడల్పు కోసం కొత్తగా తీసుకునే 30, 40 అడుగుల పట్టీలో ఇలాంటి ఈజ్‌మెంట్లు వరుసగా ఉంటాయి. సిటీ సొంత నీళ్ల పైపు, సీవర్ ఎలాగూ సిటీ నెత్తినే. కాంట్రాక్టర్ రంగంలోకి దిగాక కూడా గ్యాస్ లైను జరగకుండా ఉంటే, ఆ ఆలస్యానికి కాంట్రాక్టర్ క్లెయిమ్ వేస్తాడు. అది కూడా గ్రాంట్ బయటి ఖర్చే.

ఖర్చు పెరిగే ఇంకో చోటు నేల. ఇది మనవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మీ ప్రాంతంలోది అచ్చం మన నల్లరేగడి లాంటి నేలే, అక్కడ బ్లాక్‌ల్యాండ్ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే కొన్నేళ్లలో స్లాబులు ఎగుడుదిగుడై, జాయింట్ల దగ్గర నీళ్లు దిగి, అంచులు విరిగిపోతాయి. అందుకని పై పొరలో సున్నం కలిపి గట్టిపరుస్తారు. సాధారణంగా మట్టి బరువులో 6 నుంచి 8 శాతం సున్నం పడుతుంది. అయితే కొన్నిచోట్ల ఈ మట్టిలో జిప్సం రూపంలో సల్ఫేటు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే నల్లమట్టి మధ్య చిన్న చిన్న మెరిసే పలుకుల్లా కనిపిస్తుంది. సల్ఫేటు 3,000 పీపీఎం దాటితే మామూలుగా సున్నం కలపడం ప్రమాదం. సున్నం, సల్ఫేటు, మట్టిలోని అల్యూమినా, నీళ్లు కలిసి ఎట్రింగైట్ అనే స్ఫటికం తయారవుతుంది. ఆ స్ఫటికం పెరిగే బలానికి వేసిన రోడ్డు కింద నుంచి లేస్తుంది. అందుకే అలాంటి మట్టిలో సున్నం కలిపి, బాగా తడిపి, రోజుల తరబడి మాగనిచ్చి, మళ్లీ కలిపి అదమాలి. సల్ఫేటు మరీ ఎక్కువైతే సున్నం వదిలేసి, మట్టి తీసేసి వేరే మట్టి తెచ్చి వేయాలి. మైలు పొడవున మట్టి మార్చడమంటే అంచనా అక్కడే తలకిందులవుతుంది. అప్లికేషన్ వేసేముందే నాలుగైదు బోరింగులు వేసి సల్ఫేటు పరీక్ష చేయించారా అని అడగండి. కొన్ని వేల డాలర్ల ఖర్చు. చేయించకపోతే ఆ 9 మిలియన్ల అంకెకి కింద నేల లేనట్టే.

ఇప్పుడు రోడ్డు రూపం. టెక్సస్‌లో సర్వీస్ రోడ్లు ఇంత విరివిగా ఉండటానికి మూలకారణం, హైవే వేసేటప్పుడు పక్క భూముల వాళ్ల దారి హక్కు కొనడం కన్నా వాళ్లకి ఒక పక్క రోడ్డు ఇవ్వడం చవక కావడం. హ్యూస్టన్‌లో దీన్నే ఫీడర్ అంటారు, డాలస్‌లో సర్వీస్ రోడ్, శాన్ ఆంటోనియోలో యాక్సెస్ రోడ్. కాగితాల్లో మాత్రం ఫ్రంటేజ్ రోడ్ అని వెతకండి. మీ దగ్గరే డాలస్ నార్త్ టోల్‌వే ఉత్తరం కొసలో ముందు సర్వీస్ రోడ్లు వేసి, అసలు లేన్లు తర్వాత మధ్యలో వేయడం చూసే ఉంటారు. మీ సిటీ హైవేకి కూడా ముందుముందు విస్తరణ ప్రణాళిక ఉందా అని టెక్స్‌డాట్ డాలస్ డిస్ట్రిక్ట్‌ని అడగాలి. ఉంటే, ఇప్పుడు వేసే రోడ్డు ఆ చివరి హద్దు మీదే పడాలి. లేకపోతే పదేళ్లలో దాన్ని తవ్విపోస్తారు.

ఒక పక్కనే పొడిగిస్తున్నారా, రెండు పక్కలా? ఒక పక్కనే అయితే దాన్ని కొన్నాళ్లు రెండువైపుల ట్రాఫిక్‌తో నడపాలనే ఒత్తిడి వస్తుంది. ఇది నాకు అసలు నచ్చని ఏర్పాటు. హైవే నుంచి దిగే ర్యాంప్ సర్వీస్ రోడ్డులో కలిసే చోట, 60, 70 మైళ్ల వేగంతో వచ్చేవాడికి ఎదురుగా ఇంకో కారు వస్తుంటుంది. ఎదురెదురు ఢీకొనడం, పొరపాటున ర్యాంప్ ఎక్కేసి హైవే మీద ఎదురుదారిలో పోవడం, రెండూ ఇక్కడే జరుగుతాయి. అందుకే టెక్స్‌డాట్ పాత రెండువైపుల సర్వీస్ రోడ్లను వన్‌వేలుగా మార్చుకుంటూ వస్తోంది. అయితే వన్‌వే చేస్తే, దుకాణం దాటిపోయిన కస్టమర్ తర్వాతి వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. అక్కడ సిగ్నల్‌తో పని లేకుండా తిరిగే యూటర్న్ లేన్ లేకపోతే కూడలి నిండిపోతుంది. మైలు రోడ్డు వేసి, రెండు చివర్లా కూడళ్లను పాతవాటిలాగే వదిలేసిన ప్రాజెక్టు సమస్యను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంది. గ్రాంట్ పరిధిలో కూడళ్లు ఉన్నాయా లేవా, కాగితంలో చూడండి.

కొత్త రోడ్డు మీద ప్రతి దుకాణానికీ ఒక డ్రైవ్‌వే ఇస్తారని భూమి యజమానులు అనుకుంటారు. అలా కుదరదు. వన్‌వే ఫ్రంటేజ్ రోడ్డు మీద వేగ పరిమితి 45 మైళ్లయితే రెండు డ్రైవ్‌వేల మధ్య 360 అడుగులు, 50 అంతకు మించితే 425 అడుగులు ఉండాలని టెక్స్‌డాట్ యాక్సెస్ మాన్యువల్ చెబుతుంది. ర్యాంప్‌లు కలిసే చోట అసలు ఇవ్వరు. మైలు పొడవున రోడ్డు ముఖం ఉందని మురిసే డెవలపర్‌కి పది, పన్నెండు డ్రైవ్‌వేలు దొరికితే ఎక్కువ. స్థలాలను వెనకనుంచి కలుపుకుంటూ పోయే లోపలి దారి సిటీ ప్లాన్లో ఇప్పుడే గీయకపోతే తర్వాత గీయడం కుదరదు.

సిటీ వాటా ఎక్కణ్ణుంచి తేవాలి? టెక్సస్‌లో సేల్స్ టాక్స్ 8.25 శాతంలో రాష్ట్రానికి 6.25, స్థానికంగా 2. ఆ రెండులో కొంత ఎకనామిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కి (వ్యాపారాల్ని రప్పించే సిటీ సంస్థకి) పోతుంటే, వ్యాపారాలకి దారినిచ్చే ఇలాంటి రోడ్డుకి ఆ సొమ్ము వాడటం సమంజసం. రోడ్డు ఇంపాక్ట్ ఫీజులు (కొత్త కట్టడాల మీద సిటీ వేసేవి) కూడా వాడొచ్చు, కానీ ఆ రోడ్డు సిటీ ఆమోదించిన క్యాపిటల్ ప్లాన్లో ఉండాలి. సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ పేరుతో ఎన్నిక లేకుండా అప్పు తీసుకునే దారి ఉంది. ఓటర్లలో 5 శాతం మంది పిటిషన్ పెడితే మాత్రం ఎన్నిక పెట్టాల్సిందే. ఇవన్నీ కాక ట్రాన్స్‌పోర్టేషన్ డెవలప్‌మెంట్ క్రెడిట్ల గురించి తప్పక అడగండి. టోల్ డబ్బుతో కట్టిన రోడ్ల మీద రాష్ట్రం సంపాదించుకున్న క్రెడిట్లవి. ప్రాంతీయ రవాణా మండలి ఒప్పుకుంటే వాటిని సిటీ నగదు వాటా బదులు చూపించవచ్చు. క్రెడిట్ అంటే నగదు కాదు. మొత్తం ఖర్చుకి సరిపడా ఫెడరల్ డబ్బు ఉన్నప్పుడే అది పనికొస్తుంది. అయినా చిన్న సిటీలు ఈ దారిని అడగకుండానే వదిలేస్తుంటాయి.

ఇంకా కొన్ని చిన్న ఖర్చులున్నాయి. ఏడాదిలో ఫెడరల్ నిధులు 1 మిలియన్ డాలర్లు, ఆపైన ఖర్చు చేస్తే సింగిల్ ఆడిట్ (ఫెడరల్ నిధుల వాడకం మీద జరిగే ఆడిట్) చేయించాలి. 2024 అక్టోబర్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకి ఈ పరిమితి వర్తిస్తుంది, అంతకు ముందు అది 7,50,000. డేవిస్-బేకన్ చట్టం కింద నిర్ణయించిన కనీస వేతనాల ప్రకారం వారం వారం పేరోల్ తీసుకుని సరిచూడాలి. రోడ్డులో వాడే స్టీలు, ఇనుము అమెరికాలోనే కరిగించి తయారుచేసినవై ఉండాలి. ఈ సర్టిఫికెట్ లేని ఒక్క పైపు వాడినా, ఆ పద్దుకి డబ్బు నిలిపేయవచ్చు. కాగితాలకే ఒక మనిషి రోజులో సగం పోతుంది.

ఈ బరువంతా చూశాక నా లెక్క ఇది. మొత్తం ప్రాజెక్టు 3 మిలియన్ల లోపు ఉంటే ఫెడరల్ డబ్బు వద్దు, సొంత సొమ్ముతో రెండేళ్లలో అయిపోతుంది. అప్పుడు కూడా రోడ్డు హైవే రైట్ ఆఫ్ వేలో ఉంటే టెక్స్‌డాట్ డిజైన్ చూసి ఒప్పుకోవాలి, అది తప్పదు. 8, 10 మిలియన్ల పని అయితే గ్రాంట్ లేకుండా చిన్న సిటీ మోయలేదు. అప్పుడు తీసుకోవాలి, అప్లికేషన్ నుంచి కార్లు తిరిగేదాకా నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుందని జనానికి ముందే చెప్పాలి. ఈ రెండు మొత్తాలకీ మధ్యలో ఉన్న ప్రాజెక్టులకి గ్రాంట్ తీసుకోవాలా వద్దా అన్నది, భూమి చేతికొచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

అప్లికేషన్‌లో ఏం రాస్తున్నారో కూడా చూడండి. "వ్యాపారాలు వస్తాయి, భూమి విలువ పెరుగుతుంది" అని పేజీలు నింపితే పోటీ గ్రాంట్లలో పెద్దగా మార్కులు రావు. తగ్గిన ప్రయాణ సమయం, తగ్గిన ప్రమాదాలు లెక్కలోకి వస్తాయి. ఆ లాభమే భూమి విలువలో కనిపిస్తుంది కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టడానికి ఒప్పుకోరు. గత ఐదేళ్ల ప్రమాదాల రికార్డు, స్కూల్ బస్సులూ అంబులెన్సులూ ఇప్పుడు ఎంత చుట్టూ తిరుగుతున్నాయో చూపించే మ్యాపు, ఈ రెండూ లేకుండా వెళ్తే వృథా.

మీటింగు గురించి. టెక్సస్‌లో అజెండాలోని ఏ అంశం మీదైనా, కౌన్సిల్ దాన్ని చర్చించే ముందో, చర్చించేటప్పుడో మాట్లాడే హక్కు మీకుంది. చాలాచోట్ల మూడు నిమిషాలు ఇస్తారు. ముందుగా స్పీకర్ కార్డు నింపి ఇవ్వాలి. మనవాళ్లు పదిమంది వెళ్లి ఒకే మాట చెప్పడం కన్నా, తలా ఒక ప్రశ్న పంచుకోండి. ఒకరు ఖర్చు పెరిగితే ఎవరిదన్న క్లాజు, ఒకరు భూమి, ఒకరు సల్ఫేటు పరీక్ష, ఒకరు కూడళ్లు, ఇంకొకరు వీధి దీపాలు, సిగ్నళ్లు, కాలిబాట రేపు ఎవరు చూసుకుంటారన్నది. రోడ్డు టెక్స్‌డాట్‌దే అయినా వీటి నిర్వహణ చాలావరకు ఒప్పందంతో సిటీకి వస్తుంది. అంచనా కాగితం, ఒప్పందం ముసాయిదా వెబ్‌సైట్‌లో లేకపోతే సిటీ సెక్రటరీకి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఒక ఈమెయిల్ రాయండి. పది పని దినాల్లో ఇవ్వడమో, ఎప్పుడిస్తారో చెప్పడమో వాళ్లు చేయాలి. వచ్చే మీటింగుకి ఇంకా రెండు వారాలకు పైగా ఉంటే ఆ ఈమెయిల్ ఈరోజే పంపండి. కాగితాలు చేతికొచ్చాక ఆ అంచనా వరుసలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.